అప్‌డేట్: తమ్ముడి పేరున చలివేంద్రం

చెన్నై ఎండలో సైటు పనిలోనే కుప్పకూలి పోయిన మా తమ్ముడి గుర్తుగా చలివేంద్రం (ఇక్కడ తణ్ణీర్ పందల్ అంటారు) ఎలా పెట్టాలని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. పెట్టాం. మొదట కుండలో నీళ్లు చల్లబడలేదు. కుండ చెమర్చి ఆ తడి ఆవిరైతేనే చల్లదనం. సముద్రపు ఉక్కలో అది మందగిస్తుంది. గాలి ఆడే నీడలో, తడి ఇసుక మీద, తడి గోనెగుడ్డ చుట్టి పెడితే నయం. రంగు పూసిన కుండ కొనకండి, చెమర్చదు.

వట్టి నీళ్లు చాలవు, చెమటతో ఉప్పూ పోతుంది. లీటరుకు 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి (చెంచా అంచుకు సమంగా) కలపాలి. ఉప్పు మాత్రం మించకూడదు. ముంచడానికి మా తమ్ముడి స్టీలు చెంబుకే పొడుగు కాడ అతికించాం.

ఎవరికైనా మాట తడబడితే వడదెబ్బ అనుకోండి: ఏమీ తాగించొద్దు, ఒళ్లంతా తడిపి విసరండి, 108కి ఫోన్ చేయండి.