పక్క చేను చౌడుబారితే ఆ ఖర్చు ఎవరిది?

కౌలు రైతు (భీమవరం దగ్గర పల్లె):
నాలుగెకరాలు కౌలుకి చేస్తున్నాను. మూడేళ్ల కిందట పక్కన వనామీ రొయ్యల చెరువు తవ్వారు. గట్టు కింద నుంచి ఉప్పు ఊట దిగి అటువైపు మడి చౌడుబారింది. ఈ దాళ్వాలో, అంటే రెండో పంటలో, అక్కడ నాటిన నారు ఎర్రబడి చచ్చిపోయింది. అడిగితే "నా భూమి, నా ఇష్టం" అంటున్నారు. ఆయన ఖర్చుల్లో సీడు, మేత, కరెంటు, డీజిలు అన్నీ ఉన్నాయి. నా మడి ఎందుకు లేదు?

చెరువు రైతు (కాళ్ల):
మీ బాధ కాదననండి. కానీ వరి మీద మిగిలేదెంత? 2011లో కోనసీమ రైతులే గిట్టుబాటు కాక తొలి పంట సార్వా మానేసి పంట విరామం పాటించారు. రొయ్య వచ్చాక ఐసు ఫ్యాక్టరీలు, మేత లారీలు, తలలు తీసే షెడ్లు వచ్చాయి. మా వీధి ఆడవాళ్లకి కూలి దొరుకుతోంది. ఈ మేలు కూడా లెక్కెయ్యాలిగా? పైగా వరికి కొట్టిన పురుగుమందు డ్రెయిన్లో కలిసి మా చెరువులకే వస్తుంది.

రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్ (పాలకొల్లు):
పురుగుమందు మాట నిజమే, అదీ లెక్కలోకి రావాలి. కూలి సంగతి వేరండి. పని చేయించుకుని డబ్బు ఇచ్చారు, అది బేరంలోనే ఉంది. ఉప్పు ఏ బేరంలోనూ లేదు. ఇలా బయటివాళ్ల మీద పడే నష్టానికి పన్ను వెయ్యాలని ఆర్థికవేత్త పిగూ 1920లోనే రాశారు. హక్కులు స్పష్టంగా ఉండి, బేరమాడడానికి ఖర్చు లేకపోతే ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోగలరని 1960లో మరో ఆర్థికవేత్త కోస్ వాదించారు. ఇక్కడ కౌలుదారుకి చాలాచోట్ల కాగితమే ఉండదు. ఊట ఒక్క చెరువుదో, చుట్టూ ఉన్న ఇరవై చెరువులదో తేల్చేదెవరు? అందుకే నేను పిగూ పక్షం. 1996లో సుప్రీంకోర్టు కూడా తీరప్రాంత రొయ్యల చెరువుల కేసులో, కలుషితం చేసినవారే నష్టం భరించాలంది.

ఇంకొకటి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్లు మడుల్లో నిలిచి, ఇంకి, కింద ఉప్పునీరున్న ఊళ్లలో కూడా పైపొరలో తీపినీరు నిలిపాయి. ఆ నీళ్లు తోడుకున్నందుకు వరి రైతుకి ఎవరూ పైసా ఇవ్వలేదు. మడి పోయి చెరువొస్తే ఆ మేలూ పోతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

చెరువు రైతు (కాళ్ల):
మాస్టారూ, తూము దగ్గర వదిలే నీటిని పరీక్షించి పన్ను వేస్తే కడతాను. ఎకరానికి ఇంతని అందరికీ ఒకటే వేస్తే మాత్రం ఒప్పుకోను. గట్టు పక్కన ఊట కాలవ తవ్వుకున్నవాడికీ, తవ్వనివాడికీ తేడా ఉండాలి.

కౌలు రైతు:
కొలిచే వేయండి. కానీ ఆ డబ్బు ఊళ్లో లేని భూమి యజమాని ఖాతాకి పోకూడదు. నారు పోసినవాడికి రావాలి.