టిబెట్ ఖైదీల విషయంలో ఏ దౌత్యం పనిచేసింది?

టిబెటన్ల మానవ హక్కుల కోసం వివిధ ప్రభుత్వాలు నెరపిన దౌత్యం మీద ఎం.ఏ. రాజనీతి శాస్త్రంలో భాగంగా వ్యాసం రాస్తూ ఒకచోట ఆగిపోయాను. ఈ విషయం తెలిసినవారు దయచేసి దారి చూపగలరు.

లాసాలోని ద్రాప్చి జైలులో ఏళ్ల తరబడి మగ్గిన బౌద్ధ సన్యాసిని న్గవాంగ్ సాంగ్‌డ్రోల్‌ను, శిక్షాకాలం ఇంకా ఎంతో మిగిలి ఉండగానే, చైనా 2002 అక్టోబరులో విడుదల చేసింది. అప్పటి చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ అమెరికా వెళ్లినది కూడా ఆ నెలలోనే. దలైలామా ప్రతినిధులతో చైనా చర్చలు తిరిగి మొదలైనదీ ఆ ఏడాదే. అవి 2010 జనవరి తరువాత సాగలేదు. మరోవైపు, దలైలామా పంచెన్ లామాగా (టిబెట్ బౌద్ధంలో దలైలామా తరువాతి స్థానం గల గురువుగా) గుర్తించిన ఆరేళ్ల గెదున్ చోక్యి న్యిమాను 1995 మేలో చైనా అధికారులు తీసుకువెళ్లిన నాటి నుంచి ఎన్ని ప్రభుత్వాలు, ఐక్యరాజ్యసమితి సంఘాలు బహిరంగంగా అడిగినా, ఆ బాలుడిని స్వతంత్రంగా చూసినవారు లేరు. ఈ రెండో ఉదంతం చదివినప్పుడల్లా మనసు కలత చెందుతోంది.

మూసిన తలుపుల వెనుక ఖైదీల పేర్ల జాబితాలు అందించడం వల్ల విడుదలలు జరిగాయా, లేక అగ్రనేత పర్యటన ముందున్న వేళ బహిరంగ ఒత్తిడి తోడవడం వల్లనా? పర్యటన సమయానికీ విడుదలకూ ఉన్న సామీప్యాన్ని కారణంగా చూపడం నాకు తొందరపాటనిపిస్తోంది. దీన్ని తేల్చడానికి ఏ ప్రభుత్వ పత్రాలు చూడాలి? అలాగే, 1959లో ఐక్యరాజ్యసమితిలో టిబెట్ తీర్మానంపై ఓటింగుకు దూరంగా ఉన్న భారత్ 1965లో అనుకూలంగా ఓటు వేసినప్పుడు సర్వప్రతినిధి సభలో మన ప్రతినిధి చేసిన ప్రసంగపు పూర్తి పాఠం ఎక్కడ దొరుకుతుందో తెలిపితే ఎంతో కృతజ్ఞుడిని.