అటకలో కనిపించిన బూజును తనిఖీ రిపోర్టులో ఏ మాటలతో రాయాలి?

ప్రశ్న

నమస్కారం. ఇళ్ల తనిఖీ వృత్తిలోకి ఈ మధ్యే వచ్చాను. కొనబోయేవారి తరఫున చూసిన ఒక ఇంటి అటకలో, కప్పు అడుగున ఉన్న ప్లైవుడ్ పలకల మీద, ముఖ్యంగా ఉత్తరపు వాలులో, నల్లటి మచ్చలు దట్టంగా ఉన్నాయి. పలకల్లోంచి కిందికి వచ్చిన మేకుల మొనలు తుప్పు పట్టాయి. స్నానాలగది ఫ్యాను గొట్టం ఇంటి బయటికి పోకుండా అటకలోనే ఆగిపోయింది. 'బూజు' అని రాస్తే పరీక్ష చేయకుండా ఎలా తేల్చారని అమ్మేవారు నిలదీస్తారు, 'రంగు మారింది' అని సరిపెడితే కొనేవారికి అన్యాయం జరుగుతుంది. నమూనా తీసి ల్యాబ్‌కు పంపే బాధ్యత మనదేనా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

బూజు ఉందో లేదో నిర్ధారించడం తనిఖీదారు విధి కాదని ఇళ్ల తనిఖీదారుల అంతర్జాతీయ సంఘమైన ఇంటర్‌నాచి ప్రమాణాలు చెబుతున్నాయి. అయితే కళ్లెదుట కనిపించినదాన్ని రాయకుండా వదిలేయడానికి దాన్ని సాకుగా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం. నేనైతే ఇలా రాస్తాను: 'ఉత్తరపు వాలులోని పలకల మీద, సుమారు మూడో వంతు మేర, బూజును పోలిన నల్లటి పెరుగుదల కనిపించింది. ఫ్యాను గొట్టం అటకలోకే తెరుచుకుని ఉంది. మేకుల తుప్పును బట్టి ఇక్కడ తేమ పదే పదే చేరుతున్నట్లు తోస్తోంది. కొనుగోలు గడువు ముగిసేలోగా బూజు నిపుణుడితో పరిశీలన చేయించుకోవాలి.'

రాసే ముందు ఒక విషయం చూడండి. మచ్చ ఒక చెక్క అంచు దగ్గర ఠక్కున ఆగిపోయి, దాన్ని ఆనుకున్న చెక్క శుభ్రంగా ఉంటే, ఆ మరక కలప డిపోలోనే పట్టి ఉండే అవకాశం ఎక్కువ. అతుకులు దాటి పక్క చెక్కలకూ పాకి ఉంటే, అది ఇల్లు కట్టాక పెరిగిందనే అనుకోవాలి.

రెండో సమాధానం

పై మాటలతో ఏకీభవిస్తూనే, రిపోర్టులో తేమ ఎక్కడినుంచి వస్తోందన్న దానికే పెద్దపీట వేయమంటాను, ఎందుకంటే కారణాన్ని సరిచేయకుండా మచ్చలు తుడిపిస్తే అవి మళ్లీ వస్తాయి. చిమ్నీ చుట్టూనో, రెండు వాలులు కలిసే చోటనో మాత్రమే మరకలుంటే కప్పు కారుతోందేమోనని చూడాలి, వాలంతా పరుచుకుని ఉంటే ఇంట్లోని తేమగాలి పైకి చేరి చల్లటి పలకలకు తగిలి నీరవుతోందని అనుమానించాలి. చూరు కింద గాలి వచ్చే సందులను ఇన్సులేషన్ (వేడి, చలి ఆపేందుకు అటకలో పరిచే పొర) మూసేసిందేమో కూడా గమనించి రాయండి.

చెక్కలో తేమ 20 శాతం దాటితే బూజుకు అనుకూలమని సాధారణంగా లెక్క. కానీ చలికాలంలో తడిసిన పలక వేసవికి ఆరిపోతుంది కాబట్టి, తేమ మీటరు రీడింగ్ పక్కన తేదీ, వాతావరణం తప్పకుండా రాయాలి. లేకపోతే '12 శాతం' అన్న అంకె చూసి కొనేవారు నిశ్చింతగా ఉండిపోతారు.

మూడో సమాధానం

నమూనా గురించి అడిగారు కదా. బూజు కంటికి కనిపిస్తున్నప్పుడు చాలా సందర్భాల్లో నమూనా పరీక్ష అవసరం లేదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది. పైగా గాలిలో ఎంత బూజు ఉండవచ్చన్న దానికి అక్కడ ఫెడరల్ పరిమితులేవీ లేవు. టెక్సాస్, ఫ్లోరిడా, న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో బూజు అంచనాకు వేరే లైసెన్సు కావాలి, కనుక మీ ప్రాంతపు నిబంధన చూసుకోకుండా ఆ పనికి ఒప్పుకోకండి.

రంగును బట్టి జాతి తెలియదు కాబట్టి 'విషపు నల్ల బూజు' అని ఎన్నడూ రాయవద్దు. 'ప్రమాదమేమీ లేదు' అని రాయడమూ అంతే తప్పు, ఉబ్బసం, అలర్జీ ఉన్నవారిని అది ఇబ్బంది పెట్టవచ్చు. ఆరోగ్యం గురించి వైద్యుణ్ణి అడగమంటే చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మరొక్క సందేహం. అదే అటకలో ఒక మూల పలకలకు మాత్రం కొత్తగా తెల్ల రంగు వేసి ఉంది. దాన్ని ప్రస్తావించవచ్చా?

రెండో సమాధానం రాసినవారు

తప్పకుండా ప్రస్తావించండి, కానీ ఉద్దేశం అంటగట్టకండి. 'ఈ భాగానికి ఇటీవల రంగు వేసినట్లుంది, కింద ఏముందో చూడటం సాధ్యపడలేదు, కారణాన్ని, జరిగిన పనుల వివరాలను అమ్మేవారి నుంచి రాతపూర్వకంగా అడగండి' అని రాసి, ఫొటో జతచేయండి. ఇన్సులేషన్ అడ్డుగా ఉండి మీరు వెళ్లలేకపోయిన భాగాలనూ అక్కడే పేర్కొనండి.