పాప పుట్టింది, కవలలను ఇప్పుడే అంగన్‌వాడీకి పంపవచ్చా?

మాది మిర్యాలగూడ. ఆయన పొద్దున్నే రైస్ మిల్లుకు పోతారు, అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. కవలలిద్దరూ మగపిల్లలు, మూడేళ్లు నిండాయి. పాపకు రెండో నెల. పాలివ్వడానికి కూర్చుంటే చాలు, ఒకడు వీపెక్కుతాడు, ఇంకొకడు పాప కాలు పట్టి లాగుతాడు. కోపంతో కాదు, అమ్మ కావాలని. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆరు నెలల దాకా తల్లిపాలే పట్టాలి కదా, ఆ పని ఇంకొకరికి అప్పజెప్పలేను.

అంగన్‌వాడీలో మూడేళ్లు నిండిన పిల్లలను తీసుకుంటారు, మధ్యాహ్నం అన్నం, గుడ్డు పెడతారు. కానీ చెల్లె రాగానే బయటికి పంపితే, మమ్మల్ని వదిలించుకుంటున్నారని వాళ్ల మనసులో పడుతుందేమోనని టెన్షన్.

కవలలున్న అక్కలూ, మీరు వెంటనే పంపారా, కొన్నాళ్లు ఆగారా? పాలిచ్చేటప్పుడు పెద్దపిల్లల చేతికి ఏమిచ్చి కూర్చోబెట్టేవారు? ఫోన్ మాత్రం ఇవ్వదలచుకోలేదు.