సగం బ్లేడు కత్తితో గెడ్డం గీసుకుంటుంటే దవడ దగ్గర తెగుతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మూడు బ్లేడ్ల రేజర్‌తో మెడ మీద వెంట్రుకలు లోపలికే పెరిగి కురుపులు వస్తుంటే, నెల కిందట పూర్ణా మార్కెట్‌లో సెలూన్ వాళ్లు వాడే మడత కత్తి కొన్నాను. బ్లేడును కాగితంలో ఉండగానే మధ్యకు విరిచి, ఒక సగం ఎక్కించుకునే రకం.

ఇప్పటికి ఎనిమిదిసార్లు గీసుకున్నాను. బుగ్గలు బాగా వస్తున్నాయి. వేడినీళ్లతో తడిపి, బ్రష్‌తో నురగ పట్టించి, చర్మం చెవి వైపు లాగి పట్టుకుని, కత్తిని సుమారు 30 డిగ్రీల వాలులో దించితే సర్రుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడు వింటే ఎంత తృప్తిగా ఉంటుందో!

చిక్కంతా దవడ ఎముక మలుపు దగ్గరే. అక్కడ బ్లేడు మూల గుచ్చుకుంటోంది. నొప్పి తెలియదు, తెల్లటి నురగలో ఎర్ర గీత కనిపించాకే తెలుస్తుంది. పటిక రాస్తే రక్తం ఆగుతోంది గానీ మంట సాయంత్రం దాకా ఉంటోంది. ఎడమ బుగ్గకి కుడి చేత్తో గీస్తే మోచెయ్యి అద్దానికి అడ్డం, ఎడమ చేత్తో అయితే వణుకు. పైగా ఇక్కడి ఉక్కకి చెమట పట్టి చర్మం వేళ్లకి చిక్కదు.

మలుపు దగ్గర చర్మాన్ని పైకి లాగాలా, కిందికా? ఎడమ చెయ్యి అలవాటు చేసుకోవడమే మేలా? నాది జపాన్ బ్లేడు, మహా పదును. చెయ్యి కుదిరేదాకా కాస్త పదును తక్కువది వాడాలా, లేక దానికి నొక్కి గీస్తాం కాబట్టి అదే ఇంకా ప్రమాదమా? సెలూన్ పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. వచ్చే నెల మా చెల్లి పెళ్లి, టెన్షన్‌గా ఉంది.