తాతగారి పెట్టెలో రాతి గుల్ల: 'గౌరీపట్నం' అని లేబుల్ రాయొచ్చా?

పద్మ_రాజమండ్రి:
మా తాతగారు రైల్వేలో ట్రాక్ పనులు చూసేవారు. మొదట తిరుచ్చి, తర్వాత రాజమండ్రి, చివర్లో కాజీపేట. ఇల్లు సర్దుతుంటే ఆయన రేకు పెట్టెలో ఒక రాతి గుల్ల కనబడింది. మరమేకులా మెలికలు తిరిగి, సన్నగా పొడుగ్గా ఉంది. కొన విరిగింది, నోట్లో గట్టి రాయి పట్టేసి ఉంది. చీటీ ఏమీ లేదు. కంకర కోసం ఆయన గౌరీపట్నం క్వారీలకు వెళ్లేవారని అమ్మ అంటుంది. మా ఊరి హైస్కూలు సైన్స్ గదికి ఇద్దామనుకుంటున్నాను. 'గౌరీపట్నం, 6.6 కోట్ల సంవత్సరాలు' అని రాయొచ్చా?

గోదారిగట్టు:
నిస్సందేహంగా రాయండి. అది టరిటెల్లా, సముద్ర నత్త. మాది దేవరపల్లి దగ్గరే. దుద్దుకూరులో నల్లరాయి కింద ఉన్న సున్నపురాతిలో ఈ గుల్లలు కుప్పలు. ఆ నల్లరాయి లావా పశ్చిమ కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లు పారి మన దగ్గర సముద్రంలో కలిసిందని చెబుతారు. రాజమండ్రి గుల్లల గురించి నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ 1860లోనే రాశాడు. క్వారీలకు తిరిగిన మనిషి పెట్టెలో ఉంటే ఇంకెక్కడిదవుతుంది?

నిర్మల్_కిరణ్:
అంత తొందరెందుకన్నా? ఆయన కాజీపేటలో కూడా చేశారు కదా. మా నిర్మల్ గుట్టల్లోనూ రాతి గుల్లలున్నాయి. మద్రాసు సర్కారు డాక్టరు మాల్కమ్‌సన్ 1830లలో ఇటు వచ్చి ఏరుకుపోయిన గుల్లల వివరాలు 1840లో లండన్‌లో అచ్చయ్యాయి. ఫైసా ప్రిన్సెపి అనే మంచినీటి నత్తకు ఆ పేరు అప్పుడే పడింది. ఇదీ అదే కావచ్చు.

రాళ్ల_మాస్టారు:
పద్మగారూ, ముప్పై ఏళ్లు జియాలజీ పాఠాలు చెప్పినవాడిగా ఒక మాట. వీళ్లిద్దరూ ఊళ్ల కోసం పోట్లాడుతున్నారు, గుల్లను ఎవరూ చూడటం లేదు. కొన పైకి, నోరు మీ వైపు ఉండేలా నిలబెట్టి ఫోటో తీయండి. పక్కన అయిదు రూపాయల నాణెం పెట్టండి. సెల్ఫీ కెమెరాతో మాత్రం వద్దు, కొన్ని ఫోన్లు బొమ్మను అద్దంలోలా తిప్పేస్తాయి, అప్పుడు ఎడమ కుడి అవుతుంది. నాణెం మీద అక్షరాలు సరిగ్గా చదవగలిగితే ఫోటో సరైనదే. తర్వాత ఎవరికీ కనబడని మూల ఒక్క చుక్క నిమ్మరసం వేసి, వెంటనే నీళ్లతో కడిగేయండి. బుడగలు వచ్చాయో లేదో చెప్పండి, వస్తే అందులో సున్నం ఉన్నట్టు. ఎక్కువసేపు ఉంచితే పైన గీతలు పోతాయి.

పద్మ_రాజమండ్రి:
ఫోటో పెట్టాను మాస్టారూ. నోరు కుడివైపు ఉంది. నిమ్మరసానికి బుడగలు వచ్చాయి. మెలికల వెంట సన్నటి గీతలు చుట్టూ తిరుగుతున్నాయి, నిలువు గాట్లు లేవు. నోట్లో ఉన్నది బూడిద రంగు రాయి, దాని మీద కూడా బుడగలు వచ్చాయి.

రాళ్ల_మాస్టారు:
అయితే ఫైసా కాదు. ఫైసా జాతి గుల్లలు ఎడమచేతి వాటం, ఇలా నిలబెడితే నోరు ఎడమవైపు ఉంటుంది. పైగా అవి కాస్త పొట్టి, ఇంత పొడుగు మెలికలుండవు. కిరణ్, మీ గుట్టల్లో చాలా గుల్లలు చెకుముకిలాంటి రాయిగా మారిపోయాయి, వాటి మీద నిమ్మరసం పనిచేయదు. గోదారిగట్టు గారు చెప్పిన టరిటెల్లా కుటుంబమన్నంత వరకు నేను ఒప్పుకుంటాను. ఊరి దగ్గరే నాకు పేచీ.

శంఖుతీర్థం:
నోరు కుడివైపు అంటే దక్షిణావర్తమే కదా? పూజలో పెట్టుకోవచ్చుగా, స్కూలుకెందుకు?

రాళ్ల_మాస్టారు:
కాదండీ. పూజలో శంఖాన్ని పట్టుకునే తీరు తిరగేసి ఉంటుంది. మామూలుగా దొరికే శంఖాన్ని కొన పైకి పెట్టి చూస్తే నోరు కుడివైపే ఉంటుంది, దాన్నే మనవాళ్లు వామావర్తం అంటారు. ఈ గుల్ల కూడా ఆ మామూలు రకమే. అయినా ఇది శంఖం కాదు.

డెన్వర్_సుధ:
మా దగ్గర రాళ్ల దుకాణాల్లో 'టరిటెల్లా అగేట్' అని గోధుమరంగు రాయి అమ్ముతారు. తీరా అందులో ఉన్నవి టరిటెల్లాలు కావు, వయోమింగ్ పాత సరస్సుల్లో బతికిన ఎలిమియా అనే మంచినీటి నత్తలు. అమెరికా చుట్టం ఎవరైనా ఇచ్చి ఉండొచ్చు కదా?

పద్మ_రాజమండ్రి:
మా చుట్టాల్లో అమెరికా వెళ్లినవాళ్లు ఉన్నారు కానీ, తాతగారు పోయాకే వెళ్లారు.

రాళ్ల_మాస్టారు:
సుధగారు చెప్పింది మంచి జాగ్రత్తే, కానీ అగేట్ చెకుముకి జాతి రాయి, దాని మీద బుడగలు రావు. ఎలిమియాకు నిలువు గాట్లు కూడా ఉంటాయి. ఇది అది కాదు.

తిరుచ్చి_తెలుగువాడు:
తిరుచ్చిని అందరూ వదిలేశారేంటండీ? ఇక్కడికి దగ్గర్లో గరుడమంగళం గుల్లరాయి ఉంది. ఇంగ్లీషువాళ్లు ట్రిచినాపలీ మార్బుల్ అని పాలిష్ పెట్టించుకున్నారు. ముదురు బూడిద రాయి, నిండా గుల్లలు. అరియలూరు చుట్టుపక్కల సముద్ర శిలాజాలు ఎంత ప్రసిద్ధమో చెప్పక్కర్లేదు. పొడుగు మెలికల గుల్లలు ఇక్కడా ఉన్నాయి, స్టోలిచ్కా అనే భూగర్భ శాస్త్రవేత్త 1860లలోనే వాటిని వర్ణించాడు. నోట్లో బూడిదరంగు సున్నపురాయి అంటున్నారు, మొదటి ఉద్యోగం తిరుచ్చి అంటున్నారు. నా ఓటు ఇటే.

గోదారిగట్టు:
బూడిదరంగు రాయి ఎక్కడ లేదండీ! పిల్లలు చూసేది, పక్క ఊరి పేరుంటే వాళ్లకు ఉత్సాహం. క్వారీకి వెళ్లేవారని ఇంట్లోవాళ్లే చెబుతున్నారు, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కోర్టు కేసా ఇది?

రాళ్ల_మాస్టారు:
కోర్టు కేసు కాదు కాబట్టే నిదానంగా చూడొచ్చు. టరిటెల్లాలు క్రెటేషియస్ కాలం, అంటే డైనోసార్ల చివరి కాలం నుంచి ఉన్నాయి, ఇప్పుడూ మన బంగాళాఖాతంలో బతుకుతున్నాయి. ఆకారం చూసి కుటుంబం చెప్పగలం, ఊరూ వయసూ చెప్పలేం. కచ్‌లోనూ ఉన్నాయి, కొల్లం సున్నపురాతిలోనూ ఉన్నాయి.

సరే, గౌరీపట్నమే అనుకుందాం. ఏ పొర? నల్లరాయి కింద ఒక గుల్లల పొర, రెండు నల్లరాళ్ల మధ్య ఇంకోటి. గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్త బృందం 2008లో రాజమండ్రి క్వారీల మధ్య పొరలో ఫోరామినిఫెరా అనే సూక్ష్మ గుల్లలు చూసి, అది డైనోసార్లు పోయిన వెంటనే పేరుకున్న మట్టి అని తేల్చింది. కింద పొర అంతకు ముందుది. అంటే ఒకే క్వారీలో ఒక గుల్ల ఆ ప్రళయానికి అటు, ఇంకొకటి ఇటు. మీ లేబుల్ మీద '6.6 కోట్లు' అన్న అంకె సరిగ్గా ఆ గీత మీద కూర్చుంది! పిల్లలకు చెప్పాల్సిన అసలు కథ అదే, దాన్నే మనం ఊహతో పూడ్చేస్తున్నాం.

ఇంకో సంగతి. 1989లో జాన్ టాలెంట్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త 'నేచర్' పత్రికలో హిమాలయ శిలాజాల బండారం బయటపెట్టాడు. మన దేశపు ఆచార్యుడొకరు ఏళ్ల తరబడి హిమాలయాల్లో దొరికాయని రాసిన వాటిలో మొరాకోలో కొనుక్కోగలిగినవి ఉన్నాయని తేలింది. మోసం వేరు, మీ అభిమానం వేరు, నాకు తెలుసు. కానీ తప్పు ఊరి పేరు ఒకసారి అంటుకుంటే దాన్ని వదిలించడం ఎంత కష్టమో ఆ కేసులో తెలిసింది.

నిర్మల్_కిరణ్:
గోదారి అన్నకు కోపమొచ్చినా మాస్టారు చెప్పింది కరెక్టే. నా ఫైసా పోయింది, సంతోషమే. మరి ఊరు తేలేదెట్లా?

రాళ్ల_మాస్టారు:
నోట్లో పట్టేసిన రాయి వల్ల. అది ఆ గుల్ల పడిన చోటి మట్టే. అందుకే పద్మగారూ, శుభ్రం చేద్దామని దాన్ని పొడిచి తీయకండి. చిటికెడు రాయి ఉంటే పల్చగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఫోరామినిఫెరా దొరికితే వయసు తెలుస్తుంది, వయసు తెలిస్తే గోదారా, తిరుచ్చా అన్నది చాలావరకు విడిపోతుంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం జియాలజీ విభాగానికి ముందు ఫోటోలతో ఉత్తరం రాయండి. గుల్లను పోస్టులో పంపొద్దు.

పద్మ_రాజమండ్రి:
అయితే ప్రస్తుతానికి ఇలా రాస్తాను: 'టరిటెల్లా కుటుంబపు సముద్ర నత్త శిలాజం. రైల్వే ఉద్యోగి పెట్టెలో దొరికింది. ఆయన పనిచేసినవి తిరుచ్చి, రాజమండ్రి, కాజీపేట. దొరికిన చోటు తెలియదు.' అమ్మ చెప్పిన క్వారీ మాట కూడా వెనక వైపు రాసి పెడతాను, 'కుటుంబ సభ్యులు చెప్పినది' అని.

తిరుచ్చి_తెలుగువాడు:
నాకు ఓకే. మా ఊరి పేరు ముందుందిగా.

గోదారిగట్టు:
నాకు ఓకే కాదు. ఆదివారం దుద్దుకూరు వెళ్లి గుల్ల ఉన్న రాయి ఒకటి తెస్తా, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

రాళ్ల_మాస్టారు:
తప్పకుండా తెండి. రాయి తీసే ముందు అది గోడలో ఉండగానే ఫోటో తీయండి, నల్లరాయి పైన ఉందో కింద ఉందో కనబడాలి. తీశాక అక్కడికక్కడే చీటీ రాసి రాయితోపాటు సంచిలో వేయండి. బ్లాస్టింగ్ ఎన్ని గంటలకో ముందే కనుక్కుని, క్వారీవాళ్లకు చెప్పి మరీ దిగండి.