పారేసిన సామాన్లు బాగుచేసి ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు ఇద్దామనుకుంటున్నా. ఏవి తీసుకోవచ్చు, ఏవి వద్దనాలి?

అడిగినవారు: పాత మోటారు

అందరికీ నమస్కారం. ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో చేసి రిటైరయ్యాను. మోటార్లు, ప్యానెళ్లు చేతికి అలవాటైన పనే. మా అపార్ట్‌మెంట్ కింద చెత్త దగ్గర మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు, ఒక్కోసారి వాషింగ్ మెషిన్ కూడా వదిలేసి పోతుంటారు. మొన్నొక మిక్సీ పైకి తెచ్చి తిరగేసి చూస్తే, అడుగున ఉండే ఓవర్‌లోడ్ బటన్ ట్రిప్పయి ఉంది. నొక్కాను, తిరిగింది. అంతమాత్రానికే పారేశారు!

ఉద్యోగం పోయినవాళ్లు, ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. ఇలాంటివి బాగుచేసి వాళ్లకిద్దామని ఆశ. కానీ నేనిచ్చిన దానివల్ల ఎవరికైనా షాక్ కొడితే? ఆ టెన్షన్‌తోనే ఇంకా ఒక్కటీ గడప దాటలేదు. బాల్కనీ నిండిపోయిందని ఇంట్లో గొడవ వేరే. ఫ్రిజ్‌లు, మైక్రోవేవ్‌లు కూడా తీసుకోవచ్చా? ఇచ్చే ముందు ఏమేం చూడాలి?

జవాబు: సీరీస్ ల్యాంప్

సార్, ఇళ్లలో వాడే మెషిన్ల రిపేరే నా బతుకుతెరువు. మీకు పని వచ్చు కాబట్టి రిపేరు జోలికి పోను. తిరుగుతోంది కదా అని ఇచ్చేయకండి, అదొక్కటే చెప్పాలనుకున్నది.

ఇస్త్రీ పెట్టెనే తీసుకోండి. ముందు ఎర్త్ టెస్టు. ప్లగ్గులోని ఎర్త్ పిన్ను నుంచి అడుగు ప్లేటుకు మల్టీమీటర్ పెట్టి, వైరు పెట్టెలోకి దూరే చోట అటూ ఇటూ వంచుతూ రీడింగ్ చూడండి. వైరు లోపల తెగేది అక్కడే, పైన తొడుగు మాత్రం కొత్తదానిలా ఉంటుంది. కదలకుండా పెడితే బాగానే చూపిస్తుంది, వంచగానే రీడింగ్ ఎగిరిపోతుంది. అలా ఎగిరితే వైరు మొత్తం మార్చేయాలి, టేపు చుట్టి ఇవ్వకూడదు.

తర్వాత ఇన్సులేషన్. దీనికి మల్టీమీటర్ చాలదు, దాని చిన్న బ్యాటరీకి లీకేజీ దొరకదు. ఎక్కువ వోల్టేజ్ పెట్టి ఇన్సులేషన్ కొలిచే మీటరు, అంటే 500 వోల్టుల మెగ్గర్ కావాలి. ఎర్త్ ఉన్న సామానుకి కనీసం 1 మెగాఓం, ఎర్త్ అక్కర్లేకుండా చేసిన డబుల్ ఇన్సులేషన్ దానికి 2 రావాలి. హీటింగ్ ఎలిమెంట్ ఉన్నవి చాలాకాలం మూలపడి ఉంటే ఎలిమెంట్ లోపల నింపిన పౌడరు చెమ్మ పీల్చుకుని రీడింగ్ తక్కువ చూపిస్తుంది. ఎర్త్ సరిగ్గా ఉన్న పాయింటులో పెట్టి, చేత్తో ముట్టకుండా కాసేపు వేడెక్కనిచ్చి, చల్లారాక మళ్లీ చూడండి. చాలావరకు పైకొస్తుంది. రాకపోతే ఎలిమెంట్ పోయినట్టే.

చాలామంది వదిలేసేది ఇంకోటుంది. మీరిచ్చే సామాను సరే, వాళ్లింటి గోడ పాయింటులో ఎర్త్ ఉందా? లేకపోతే మీరు చేసిన ఎర్త్ టెస్టు ఆ ఇంట్లో వృథా. అది సరిచేయించేదాకా అలాంటి ఇంటికి, కంపెనీ వివరాలుండే ప్లేటు మీద చదరంలో చదరం గుర్తున్న డబుల్ ఇన్సులేషన్ సామాన్లే ఇవ్వండి.

మైక్రోవేవ్ ముట్టుకోకండి. లోపలి హైవోల్టేజ్ కెపాసిటర్‌లో ప్లగ్గు తీసేశాక కూడా ప్రాణం తీసేంత ఛార్జి మిగలొచ్చు. ఫ్యాక్టరీ అనుభవం ఉంది కదా అని ధైర్యం చేయకండి. ఫ్రిజ్ అయితే కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే రిలే, థర్మోస్టాట్, తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ వరకు మీరు చూసుకోవచ్చు. గ్యాస్ పోయినదాన్ని వదిలేయండి. ప్లేటు మీద ఆర్-600ఎ అని ఉంటే అది మండే గ్యాస్, దాని పైపుల దగ్గర మంట పెట్టకూడదు.

ఇంకోమాట. చెత్త దగ్గర నుంచి తీసుకెళ్లే బదులు ఓనర్‌నే అడిగి తీసుకోండి. "కాలిన వాసన వచ్చింది" అంటే మోటారు వైండింగ్ మీద అనుమానం, "ఆగి ఆగి తిరుగుతోంది" అంటే కార్బన్ బ్రష్‌లు. సగం పని అక్కడే అయిపోతుంది.

జవాబు: మూడో అంతస్తు

బాబాయ్ గారూ, నేను తీసుకున్నవాళ్ల వైపు నుంచి చెప్తాను. మావారికి ఒంట్లో బాగాలేక పని మానేసినప్పుడు తెలిసినవాళ్లు పెద్ద పాత ఫ్రిజ్ ఒకటి ఇచ్చారు. మంచి మనసుతోనే ఇచ్చారు, కాదనను. కానీ దాని కంప్రెసర్ ఆగేదే కాదు. కరెంటు బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది. వద్దని తిరిగివ్వడానికి మొహమాటం, ఉంచుకుంటే బిల్లు. చివరికి ప్లగ్గు తీసేసి అందులో బట్టలు పెట్టుకున్నాం.

మాకు నిజంగా కావలసింది ఫ్రిజ్ కాదు. నెమ్మదిగా తిరుగుతున్న మా ఫ్యానును ఎవరైనా చూస్తే బాగుండునని ఉండేది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. కాబట్టి ముందు వాళ్లింట్లో మూలపడ్డ వస్తువేదో కనుక్కోండి. వాళ్ల వస్తువే బాగుచేసిస్తే దానం తీసుకున్నట్టుండదు. ఇచ్చేటప్పుడు ఫొటోలు మాత్రం వద్దండీ, దయచేసి.

జవాబు: సీరీస్ ల్యాంప్

అమ్మా, ఆ ఫ్యానుకి బహుశా కెపాసిటర్ మారిస్తే సరిపోయేది. సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, వాడగా వాడగా దాని విలువ పడిపోయి ఫ్యాను నీరసపడుతుంది.

మీరు చెప్పిన పద్ధతి ఇప్పటికే ఉంది. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినే పోస్ట్‌మా రిపేర్ కెఫే మొదలుపెట్టారు. అక్కడ ఎవరి వస్తువు వాళ్లే తెచ్చుకుని, బాగుచేసేవాళ్ల పక్కనే కూర్చుంటారు. సార్, మీ బాల్కనీలో ఉన్నవాటిని అలాంటి పనికి స్పేర్లుగా వాడుకోండి.

ఫ్రిజ్ ఇచ్చే ముందు ప్లగ్గుకి పెట్టే మీటరుతో 24 గంటలు నడిపి ఎన్ని యూనిట్లు తాగుతోందో చూసి చెప్పండి. తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి, ఊరికే వచ్చేస్తే గాస్కెట్ పోయింది. ఇవ్వడానికి పనికిరాని ఫ్రిజ్‌ని బయట పెడితే మాత్రం తలుపు ఊడదీసి పెట్టండి. పిల్లలు లోపల దూరి ఊపిరాడక చనిపోతుంటే, అమెరికాలో 1956లో ఏకంగా చట్టమే చేశారు, లోపల్నుంచి కూడా తలుపు తెరుచుకునేలా ఉండాలని.

అడిగినవారు: పాత మోటారు

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. అమ్మా, ఫ్రిజ్‌లో బట్టలన్న మాట మా ఆవిడకి చదివి వినిపించాను. ఇకనుంచి ఎవరికేం కావాలో తనే కనుక్కుని వస్తానంది, నాకంటే తనకే బాగా చెప్తారట. నా దగ్గర చేత్తో తిప్పే పాత మెగ్గర్ ఉంది, 500 వోల్టులదే. ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న వాషింగ్ మెషిన్ మీద దాన్ని వాడొచ్చా?

జవాబు: సీరీస్ ల్యాంప్

వాడొచ్చు సార్. ప్లగ్గు తీసేసి, దాని లైవ్, న్యూట్రల్ పిన్నులు రెండూ కలిపి ఒకవైపు, బాడీ ఎర్త్ ఒకవైపు పెట్టండి. లైవ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య మాత్రం పెట్టొద్దు, బోర్డు పోతుంది. టెస్టు చేసే ముందు డ్రైన్ పంపు ఫిల్టర్ విప్పి చూడండి. నాణెమో, పిన్నీసో దొరికిందంటే అసలు జబ్బు అదే అయ్యుండొచ్చు.